యల్లాప్రగడ సుబ్బారావు

ప్రస్తావన



గర్భిణులకు ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే ఐరన్ మాత్రలు మీరు చూసే ఉంటారు. ఆ మాత్రలో ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్ కూడా ఉంటుంది. రక్తం పట్టడానికి ఆ రెండూ కావాలి.

ఇంకొక మాత్ర ఉంది. హెచ్.ఐ.వి.తో జీవిస్తున్నవారిలో రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికి ఏ.ఆర్.టి. కేంద్రంలో దానిని ఉచితంగా ఇస్తారు. దాని పేరు కోట్రైమాక్సజోల్. ఊపిరితిత్తులకు పట్టే ఒక ప్రమాదకరమైన శిలీంధ్రం నుంచి అది వారిని కాపాడుతుంది. శిలీంధ్రం అంటే బూజు, పుట్టగొడుగు జాతికి చెందిన జీవి.

ఈ రెండు మాత్రలకూ ఒక సంబంధం ఉంది. మొదటిది మన శరీరానికి ఫోలిక్ ఆమ్లాన్ని అందిస్తుంది. రెండోది ఆ శిలీంధ్రం తనకు కావలసిన ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసుకోకుండా అడ్డుకుంటుంది.

ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన శాస్త్రవేత్తల బృందానికి నాయకత్వం వహించినవారు ఒక తెలుగువారు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కిన విద్యార్థి ఆయన. ఈ పాఠంలో ఆయన జీవితాన్ని తెలుసుకుందాం. ఆయన మరణించిన తరువాత ఆయన పని ఎవరెవరికి ఉపయోగపడిందో కూడా చూద్దాం.

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

- సుబ్బారావు జీవితంలోని ముఖ్య ఘట్టాలను వరుసగా చెప్పగలుగుతారు.
- ఫోలిక్ ఆమ్లం మన శరీరానికి ఎందుకు అవసరమో వివరించగలుగుతారు.
- రోగనిరోధక శక్తి తగ్గినవారికి శిలీంధ్రాల వల్ల జబ్బులు ఎందుకు వస్తాయో తెలుసుకుంటారు.
- ఆ జబ్బుల నుంచి కాపాడుకొనే మార్గాలను ఇతరులకు చెప్పగలుగుతారు.

1. బాల్యం, చదువు

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యం వల్ల ఆయన ఉద్యోగం ముందుగానే మానుకోవలసి వచ్చింది. ఇంటినిండా పిల్లలు, చాలీచాలని రాబడి. మీలో చాలామందికి ఇటువంటి ఇల్లు కొత్త కాదు.

పదమూడేళ్ళ వయసులో సుబ్బారావు ఇల్లు విడిచి కాశీకి బయలుదేరారు. అక్కడికి వచ్చే యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదించాలని ఆయన ఆలోచన. ఇంటివారు దారిలోనే పట్టుకొని వెనక్కు తీసుకువచ్చారు. తల్లి పట్టుబట్టి మళ్ళీ బడికి పంపింది. ఆయన విద్యార్థిగా ఉన్న రోజుల్లోనే తండ్రి మరణించారు. ఇంటి భారమంతా తల్లిపై పడింది. అయినా ఆమె కొడుకు చదువు మాన్పించలేదు.

రాజమండ్రిలో చదువు సాగలేదు. పరీక్ష తప్పారు. చివరికి మద్రాసులోని హిందూ హైస్కూలులో చేరి, మూడో ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ పూర్తిచేశారు. తరువాత ప్రెసిడెన్సీ కళాశాలలో చేరారు. ఆ రోజుల్లో ఆయన మనసు రామకృష్ణ మఠం వైపు మళ్ళింది. సన్యసించాలని అనుకున్నారు. రోగులకు సేవ చేయడం కూడా సాధనే అని మఠంలోని పెద్దలు నచ్చజెప్పారు. అప్పుడు ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. ఫీజులకు, పుస్తకాలకు మిత్రులు సాయపడ్డారు. కస్తూరి సూర్యనారాయణమూర్తి కూడా ఆదుకున్నారు. 1919లో ఆయన కుమార్తె శేషగిరితో సుబ్బారావుకు వివాహమైంది.

2. ఖద్దరు చొక్కా, తగ్గిన పట్టా

అది జాతీయోద్యమం సాగుతున్న కాలం. గాంధీజీ పిలుపు విని సుబ్బారావు ఖద్దరు కట్టడం మొదలుపెట్టారు. ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరు దుస్తులతోనే వెళ్ళారు. శస్త్రచికిత్స ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. సుబ్బారావు పరీక్షలు బాగానే రాశారు. కాని ఆయన చేతికి ఎం.బి.బి.ఎస్. పట్టా రాలేదు. దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే వచ్చింది. ప్రభుత్వ వైద్య సేవలో ఉద్యోగం కూడా దొరకలేదు.

ఆ సంవత్సరాల్లోనే ఇంట్లో పెద్ద విషాదం జరిగింది. ఆయన అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి కొద్ది రోజుల తేడాతో ఒకే జబ్బుతో మరణించారు. ఆ జబ్బు పేరు స్ప్రూ. ఇది ఉష్ణమండల దేశాల్లో వస్తుంది. స్ప్రూ వచ్చినవారికి పేగులు పాడవుతాయి. తిన్న ఆహారంలోని సారం ఒంటికి పట్టదు. విరేచనాలు ఆగవు. నాలుక పుండు పడుతుంది. రక్తం తగ్గిపోయి, మనిషి రోజురోజుకూ శుష్కించిపోతాడు. ఆనాటి వైద్యులకు దాని కారణం తెలియదు. తగిన మందు కూడా లేదు.

సుబ్బారావుకు కూడా ఆ జబ్బు సోకింది. ప్రముఖ ఆయుర్వేద వైద్యులు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఆయనకు వైద్యం చేశారు. ఆయన కోలుకున్నారు. తరువాత లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలోనే శరీర నిర్మాణ శాస్త్రం బోధించే పనిలో చేరారు. ఆయన వైద్యం చదువుకొని కూడా ఇద్దరు తోబుట్టువులను దక్కించుకోలేకపోయారు. జబ్బు ఎందుకు వస్తుందో తెలియనిదే మందు దొరకదని ఆయనకు అర్థమైంది. అందుకే రోగులను చూసే వృత్తి కంటే పరిశోధన వైపు మొగ్గారు.

3. సముద్రం దాటి

1920ల తొలి సంవత్సరాల్లో సుబ్బారావు అమెరికాలోని బోస్టన్ నగరానికి చేరుకున్నారు. ప్రయాణానికి మామగారు డబ్బు సమకూర్చారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామని మాట ఇచ్చింది. భార్యను పుట్టింట ఉంచి, తిరిగి వస్తానని చెప్పి ఆయన ఓడ ఎక్కారు. కాని ఆయన మళ్ళీ స్వదేశానికి రాలేదు. ఆయన వెళ్ళిన తరువాత పుట్టిన కొడుకు పసితనంలోనే చనిపోయాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడనేలేదు.

బోస్టన్‌లో ఆయన హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమా చదివారు. పొట్టపోసుకోవడానికి రాత్రివేళ ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు శుభ్రం చేసే పని చేశారు. డిప్లొమా తరువాత జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుని వద్ద చేరారు.

అక్కడ ఆయన చేసిన మూడు పనులను గుర్తుపెట్టుకోండి.

మొదటిది, 1925లో ప్రకటించిన భాస్వరం పరీక్ష. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో నీలిరంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతి ఇది. దీనిని ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అంటారు. జీవరసాయన విద్యార్థులు ఈ పేరును నేటికీ చదువుతున్నారు.

రెండోది, 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని కనుగొనడం.

మూడోది, 1929లో ఎ.టి.పి. అనే పదార్థాన్ని వేరుచేయడం. మనం నడిచినా, బరువు ఎత్తినా, ఊపిరి తీసుకున్నా కండరాలకు కావలసిన శక్తి ఎ.టి.పి. నుంచే వస్తుంది. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దీనిని విడిగా కనుగొన్నారు.

1930లో సుబ్బారావుకు పిహెచ్.డి. పట్టా వచ్చింది. ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ మందుల కంపెనీ ప్రయోగశాలకు మారారు. కొద్దికాలానికే అక్కడి పరిశోధనలన్నింటికీ అధిపతి అయ్యారు.

పాఠ్యగత ప్రశ్నలు – 1

(క) సుబ్బారావు సోదరులు ఏ జబ్బుతో మరణించారు?
(చ) ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు ఆయనకు ఏ పట్టా వచ్చింది?
(ట) ఎ.టి.పి. వల్ల శరీరానికి ఏమి ఉపయోగం?

4. ఆకుకూరలోని విటమిన్

ఇప్పుడు ఫోలిక్ ఆమ్లం సంగతికి వద్దాం. ఈ కథలో మొదటి పేజీ మన దేశంలోనే ఉంది. 1928 నుంచి కొన్నేళ్ళపాటు ఇంగ్లండుకు చెందిన లూసీ విల్స్ అనే వైద్యురాలు బొంబాయిలో పనిచేశారు. బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులకు తీవ్రమైన రక్తహీనత రావడం ఆమె గమనించారు. ఈస్టు సారం ఆహారంలో చేర్చి ఇస్తే వారు కోలుకున్నారు. ఆ సారంలో రక్తం పట్టించే పదార్థం ఏదో ఉందని తేలింది. అది ఏమిటో మాత్రం అప్పటికి తెలియలేదు.

1941లో అమెరికా శాస్త్రవేత్తలు పాలకూర ఆకుల నుంచి అటువంటి పదార్థాన్నే తీశారు. లాటిన్ భాషలో ఆకును ఫోలియం అంటారు. అందుకని దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరుపెట్టారు. బుట్టలకొద్దీ ఆకుకూర తెచ్చినా దొరికేది చిటికెడు కూడా కాదు. అంత తక్కువ పదార్థంతో రోగులకు వైద్యం చేయడం సాధ్యం కాదు. దాని నిర్మాణం తెలుసుకొని ప్రయోగశాలలో తయారుచేయాలి. అప్పుడే అది అందరికీ అందుతుంది.

సుబ్బారావు బృందం ఆ పని పట్టింది. కాలేయం నుంచి, సూక్ష్మజీవులను పెంచిన ద్రవం నుంచి ఆ పదార్థాన్ని తీసి శుద్ధిచేశారు. దాని నిర్మాణాన్ని విప్పారు. 1945లో దానిని కృత్రిమంగా తయారుచేసినట్లు ప్రకటించారు. ఆ వెంటనే వైద్యులు స్ప్రూ రోగులకు ఫోలిక్ ఆమ్లం ఇచ్చి చూశారు. రోగుల రక్తం పెరిగింది, ఆకలి పుట్టింది, నాలుక పుండ్లు మానాయి.

సోదరులు మరణించిన పాతికేళ్ళకు వారి జబ్బుకు మందు దొరికింది. దానిని తయారుచేసినవారు వారి సోదరుడే. నేడు స్ప్రూకు ఫోలిక్ ఆమ్లంతో పాటు టెట్రాసైక్లిన్ జాతి మందును కూడా ఇస్తారు. ఆ జాతిలో మొట్టమొదటి మందు ఆరియోమైసిన్. దానిని మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీసినవారు బెంజమిన్ డగ్గర్. ఆ పని కూడా సుబ్బారావు ఆధ్వర్యంలో నడిచిన ప్రయోగశాలలోనే జరిగింది.

5. తాళానికి తప్పు చెవి

ఫోలిక్ ఆమ్లం కణాలు పెరగడానికి కావాలి. ఒక కణం రెండుగా చీలాలంటే అది లేనిదే కుదరదు. అందుకే అది తగ్గితే ముందుగా రక్తం తగ్గుతుంది. రక్తకణాలు నిత్యం కొత్తగా పుడుతూ ఉండాలి కదా!

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. పెరగకూడని కణాలు పెరుగుతుంటే ఏమి చేయాలి? రక్త క్యాన్సరులో జరిగేది అదే. అటువంటి కణాలకు ఫోలిక్ ఆమ్లం అందకుండా చేయగలమా?

ఒక ఉదాహరణ చూడండి. మీ ఇంటి తాళంలో అసలు చెవిని పోలిన మరొక చెవి దూర్చారనుకోండి. అది లోపలికి పోతుంది, కాని తిరగదు. అది అక్కడ ఇరుక్కొని ఉన్నంతసేపు అసలు చెవికి చోటు ఉండదు. సుబ్బారావు బృందం ఫోలిక్ ఆమ్లాన్ని పోలిన ఇటువంటి పదార్థాలను తయారుచేసింది. వాటిలో ఒకటి అమినోప్టెరిన్. బోస్టన్‌లోని పిల్లల వైద్యుడు సిడ్నీ ఫార్బర్ దానిని రక్త క్యాన్సరు వచ్చిన పిల్లలకు ఇచ్చారు. 1948లో ఆయన ప్రచురించిన నివేదిక ప్రకారం 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు కొంతకాలం తగ్గుముఖం పట్టింది. అంతకుముందు ఆ జబ్బు వచ్చిన పిల్లలపై ఆశ వదులుకోవడం తప్ప వైద్యులు చేయగలిగింది లేదు. అమినోప్టెరిన్‌కు దగ్గరి చుట్టమైన మెథోట్రెక్సేట్‌ను క్యాన్సరుకు, కీళ్ళవాతానికి నేటికీ వాడుతున్నారు.

సుబ్బారావు బృందం 1947లో హెట్రజాన్ అనే మందును కూడా వెలువరించింది. ఇది బోదకాలు వ్యాధికి మందు. గోదావరి జిల్లాలలో బోదకాలు బాధితులు ఎందరో మీకు తెలుసు. ఊళ్ళలో ఆరోగ్య కార్యకర్తలు పంచే డి.ఇ.సి. మాత్ర ఇదే.

6. చివరి రోజులు

సుబ్బారావు సాదాసీదాగా జీవించారు. సంపాదనలో చాలా భాగం పరులకు ఖర్చుపెట్టేవారు. తన ప్రయోగశాల ఫలితాలను ప్రకటించేటప్పుడు సహచరుల పేర్లనే ముందుకు తెచ్చేవారు. అందువల్ల ఆయన పేరు బయటి ప్రపంచానికి అంతగా తెలియలేదు. చివరి వరకు అమెరికా పౌరసత్వం తీసుకోలేదు.

1948 ఆగస్టు 8వ తేదీ రాత్రి నిద్రపోయిన సుబ్బారావు మళ్ళీ లేవలేదు. గుండె ఆగి మరణించారు. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్ళు.

1953లో హెసెల్టైన్ అనే శాస్త్రవేత్త మురుగునీటిని శుద్ధిచేసే పడకల మీద పెరిగే ఒక కొత్త శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని పేరుపెట్టారు. 1995లో, ఆయన శతజయంతి సంవత్సరంలో, భారత ప్రభుత్వం తపాలా బిళ్ళ విడుదల చేసింది.

పాఠ్యగత ప్రశ్నలు – 2

(క) ఫోలిక్ ఆమ్లానికి ఆ పేరు ఎందుకు వచ్చింది?
(చ) అమినోప్టెరిన్ ఎలా పనిచేస్తుంది? తాళం ఉదాహరణతో చెప్పండి.
(ట) హెట్రజాన్ ఏ వ్యాధికి మందు?

7. ఆయన తరువాత జరిగినది

జీవితచరిత్ర సాధారణంగా మరణంతో ముగుస్తుంది. ఈ పాఠాన్ని మనం అక్కడ ఆపడం లేదు. ఎందుకో చూడండి.

రక్త క్యాన్సరు పిల్లలకు ఇచ్చే మందులు చెడు కణాలతో పాటు మంచి కణాలను కూడా దెబ్బతీస్తాయి. దానితో పిల్లల రోగనిరోధక శక్తి తగ్గుతుంది. క్యాన్సరు తగ్గిన పిల్లలు కొందరు ఒక వింత న్యుమోనియాతో చనిపోసాగారు. దానికి కారణం న్యుమోసిస్టిస్ అనే సూక్ష్మజీవి. గాలిలో ఉండే ఈ జీవిని ఆరోగ్యవంతులు కూడా పీలుస్తారు. కాని వారికి ఏమీ కాదు, శరీరమే దానిని అణచివేస్తుంది. శరీరం బలహీనపడినప్పుడు మాత్రం అది ఊపిరితిత్తుల్లో పెరుగుతుంది. కాపలా లేని పొలంలో పశువులు పడినట్లు బలహీన శరీరంపై పడే ఇటువంటి జబ్బులను అవకాశవాద జబ్బులు అంటారు.

న్యుమోసిస్టిస్‌కు ఒక బలహీనత ఉంది. మనకు ఫోలిక్ ఆమ్లం ఆకుకూరలు, పప్పుల నుంచి వస్తుంది. న్యుమోసిస్టిస్ దానిని బయటి నుంచి తీసుకోలేదు. తనలో తానే తయారుచేసుకోవాలి. ఆ తయారీని ఆపితే అది చస్తుంది. కోట్రైమాక్సజోల్ చేసే పని అదే. అందులో రెండు మందులు కలిసి ఉంటాయి. ఒకటి సల్ఫా జాతి మందు, రెండోది ట్రైమెథోప్రిమ్. ఒకే దారిలో రెండుచోట్ల గేట్లు వేసినట్లు అవి రెండు దశల్లో అడ్డుకుంటాయి. ఈ మందును ముందుగానే ఇస్తే క్యాన్సరు పిల్లలకు ఆ న్యుమోనియా రాకుండా ఆపవచ్చని 1977లో అమెరికా వైద్యుడు వాల్టర్ హ్యూస్ బృందం నిరూపించింది.

ఈ మాత్రను సుబ్బారావు తయారుచేయలేదు. సల్ఫా మందులు 1930లలోనే జర్మనీలో పుట్టాయి. ట్రైమెథోప్రిమ్‌ను రూపొందించింది జార్జ్ హిచింగ్స్ బృందం. అయితే హిచింగ్స్ 1933లో హార్వర్డ్‌లో పిహెచ్.డి. పొందినవారు. అక్కడ ఆయన చేరింది ఫిస్క్ వద్ద, అంటే సుబ్బారావు పనిచేసిన చోటనే. ఒకరు తవ్విన బావిలో మరొకరు నీళ్ళు తోడుతారు. విజ్ఞానం అలాగే పెరుగుతుంది.

1981లో అమెరికాలోని లాస్ ఏంజిలిస్‌లో అయిదుగురు యువకులకు ఈ న్యుమోనియా వచ్చింది. అంతకుముందు వారు ఆరోగ్యంగా ఉన్నవారే. ఎయిడ్స్ గురించి ప్రపంచానికి అందిన మొదటి నివేదిక అదే. మన దేశంలో హెచ్.ఐ.వి. మొదటిసారి 1986లో మద్రాసులో బయటపడింది. దానిని బయటపెట్టినవారు మద్రాసు వైద్య కళాశాలలో సూక్ష్మజీవశాస్త్ర ఆచార్యురాలు సునీతి సోలమన్, ఆమె విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల. సుబ్బారావు ఖద్దరు కట్టుకొని తిరిగిన కళాశాల అదే.

న్యుమోసిస్టిస్ ఏ జాతి జీవి అనే విషయంలో శాస్త్రవేత్తలు చాలాకాలం పొరబడ్డారు. మలేరియా క్రిమి వంటి ఏకకణ జీవి అనుకున్నారు. అది శిలీంధ్రమని 1988లో తేలింది.

8. మీరు తెలుసుకోవలసిన ఆరోగ్య విషయాలు

హెచ్.ఐ.వి. మన రక్తంలోని సి.డి.4 అనే రక్షక కణాలను నాశనం చేస్తుంది. ఆరోగ్యవంతుల్లో ఘనపు మిల్లీమీటరు రక్తంలో ఇవి సుమారు 500 నుంచి 1500 వరకు ఉంటాయి. 200 కంటే తగ్గితే శిలీంధ్రాల బెడద బాగా పెరుగుతుంది. ముఖ్యమైన మూడింటిని గుర్తుంచుకోండి.

నోటిపూత: క్యాండిడా అనే శిలీంధ్రం వల్ల నాలుక మీద, బుగ్గల లోపల పెరుగు తరకల వంటి తెల్లని పొర ఏర్పడుతుంది. గొంతులోకి దిగితే మింగడం కష్టమవుతుంది.

న్యుమోసిస్టిస్ న్యుమోనియా: పొడిదగ్గు, జ్వరం, నాలుగడుగులు వేస్తేనే ఆయాసం ఉంటాయి. కొన్ని వారాలపాటు మెల్లగా పెరుగుతుంది. క్షయ కూడా దగ్గుతోనే వస్తుంది. కనుక రెండు వారాలకు మించి దగ్గు ఉంటే క్షయ పరీక్ష కూడా తప్పక చేయించాలి.

మెదడు పొరల వాపు: క్రిప్టోకోకస్ అనే శిలీంధ్రం పావురాల రెట్ట కలిసిన మట్టిలో ఉంటుంది. శ్వాసతో లోపలికి చేరి, రక్షణ తగ్గినవారిలో మెదడు పొరలకు పాకుతుంది. విడవని తలనొప్పి, జ్వరం, వాంతులు, మందగించిన తెలివి దీని లక్షణాలు. ఇది ప్రాణాంతకం. వెంటనే పెద్ద ఆసుపత్రికి వెళ్ళాలి.

ఈ మూడింటికీ వేర్వేరు మందులు ఉన్నాయి. నోటిపూతకు పనిచేసే మందు న్యుమోసిస్టిస్‌కు పనిచేయదు. కాబట్టి మందుల దుకాణంలో అడిగి తెచ్చుకొని వాడకండి. కోట్రైమాక్సజోల్ మాత్ర ఎవరికి కావాలో, ఎంతకాలం కావాలో వైద్యులు నిర్ణయిస్తారు. కొందరికి సల్ఫా మందు పడదు. ఒంటిమీద దద్దుర్లు వస్తే వెంటనే వైద్యునికి చెప్పాలి.

వీటన్నింటికంటే ముఖ్యమైనది ఏ.ఆర్.టి. చికిత్స. ఈ మందులు హెచ్.ఐ.వి.ని అణచి ఉంచుతాయి. దానితో సి.డి.4 కణాలు మళ్ళీ పెరుగుతాయి, అవకాశవాద జబ్బుల భయం తగ్గుతుంది. మన దేశంలో 2004 ఏప్రిల్ 1 నుంచి ఈ చికిత్సను ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. మొదట హెచ్.ఐ.వి. ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాలలోను, ఢిల్లీలోను ఇది మొదలైంది. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఒంట్లో బాగుందని మధ్యలో మాత్రలు మానేస్తే క్రిమి మళ్ళీ విజృంభిస్తుంది. మీరు ఊరిలో ఉన్నా, పని కోసం ఢిల్లీ, నోయిడా వంటి చోట్లకు వచ్చి ఉన్నా చికిత్స ఆపవద్దు. చోటు మారితే కేంద్రం మార్చుకోవచ్చు. సమాచారం కోసం 1097 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు.

భయంతోనో సిగ్గుతోనో జబ్బును దాచుకొనేవారు మన చుట్టూ ఉన్నారు. ఉద్యోగంలో, బడిలో, ఆసుపత్రిలో హెచ్.ఐ.వి. ఉన్నవారిపై వివక్ష చూపడం చట్టవిరుద్ధమని 2017లో చేసిన చట్టం చెబుతోంది. ఆ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉంది. పక్కన కూర్చుంటే, కలిసి తింటే హెచ్.ఐ.వి. సోకదు.

సుబ్బారావు సోదరులు మరణించిన నాడు వారి జబ్బుకు మందు లేదు. ఎవరినీ తప్పుపట్టడానికి వీలులేదు. ఈనాడు మందు ఉంది, ఉచితంగా దొరుకుతుంది. అయినా ఒక మనిషి దగ్గుతూ, ఆయాసపడుతూ, ఎవరికీ చెప్పుకోలేక మూలన పడి మరణిస్తే అది మందు లేక వచ్చిన చావు కాదు. ఆ మనిషికి ధైర్యం చెప్పి కేంద్రానికి తోడువెళ్ళే పని మనది. దానికి పెద్ద చదువు అవసరం లేదు.

మీరు నేర్చుకున్నది

- సుబ్బారావు పేదరికాన్ని, పరీక్షల్లో వైఫల్యాన్ని, అన్యాయాన్ని ఎదుర్కొని పరిశోధకులయ్యారు.
- ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని, ఆ తరువాత దానిని పోలిన క్యాన్సరు మందులను, బోదకాలు మందును అందించింది.
- ఫోలిక్ ఆమ్లం తయారీని అడ్డుకొనే కోట్రైమాక్సజోల్ న్యుమోసిస్టిస్ శిలీంధ్రం నుంచి కాపాడుతుంది.
- ఏ.ఆర్.టి.ని ఆపకుండా వాడితే రోగనిరోధక శక్తి తిరిగి పెరుగుతుంది.

పాఠాంత ప్రశ్నలు

1. సోదరుల మరణం సుబ్బారావు జీవితాన్ని ఎలా మలుపు తిప్పింది? పది వాక్యాలలో రాయండి.
2. ఫోలిక్ ఆమ్లం అందకపోవడం మనకు నష్టం, న్యుమోసిస్టిస్‌ను అరికట్టడంలో లాభం. ఎలాగో వివరించండి.
3. మీకు దగ్గరలోని ఏ.ఆర్.టి. కేంద్రం ఎక్కడ ఉందో తెలుసుకొని, అక్కడికి వెళ్ళే దారిని మీ మిత్రునికి లేఖగా రాయండి.

పాఠ్యగత ప్రశ్నలకు సమాధానాలు

1. (క) స్ప్రూ. (చ) ఎల్.ఎం.ఎస్. (ట) కండరాలు పనిచేయడానికి శక్తినిస్తుంది.
2. (క) ఆకు అనే అర్థం గల లాటిన్ మాట నుంచి. (చ) ఫోలిక్ ఆమ్లం స్థానంలో ఇరుక్కొని, అసలు ఫోలిక్ ఆమ్లం పనిచేయకుండా ఆపుతుంది. (ట) బోదకాలు.